రాత్రి లేచేదెవరు?

తమలపాకుకి ఆముదం రాసి పెనం మీద వెచ్చచేస్తుంటే, హాల్లోంచి మా ఆయన చెబుతున్న జవాబు వినపడింది.

"అలాంటివేం లేవండీ మా ఇంట్లో. డాక్టరుగారు రాసిన సిరప్ తప్ప పిల్లకి ఇంకేం వాడం."

అడుగుతున్నది తిరుమల, మా సర్వే బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి. పిల్లలకి ఇంగ్లీషు మందులు కాకుండా ఇంకా ఏయే వైద్యాలు చేయిస్తున్నారో జిల్లా అంతా తిరిగి లెక్క తేల్చే సర్వే మాది. ఊళ్ళకి వెళ్ళేముందు ఒకరింట్లో ఒకరం ప్రశ్నలు అడిగి చూసుకోవడం మా ఆఫీసు అలవాటు. ఆ ఆదివారం మా ఇంటి వంతు. నిబంధన ప్రకారం ఇంటి పెద్దనే అడగాలి కాబట్టి మా ఆయన హర్షవర్ధన్ గారు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. నేను వంటింట్లో ఉన్నాను.

ఆకు చల్లారకుండా తీసుకొచ్చి, దగ్గుతున్న మా చిన్నిని ఒళ్ళో పడుకోబెట్టుకుని దాని గుండె మీద వేశాను. హాలంతా ఆముదం వాసన. "ఆయుర్వేదం?" అని చదివింది తిరుమల. "లేదండీ." "హోమియో?" "లేదండీ." "నాటు వైద్యం?" "అబ్బే." తిరుమల ఆయన్ని చూసింది, ఆకుని చూసింది, నన్ను చూసింది. పాపం, ట్యాబ్‌లో అన్నిటికీ 'లేదు' నొక్కింది. నాకు నవ్వాగలేదు.

"ఎందుకు నవ్వుతావ్ శ్రీ? నేనేమన్నా అబద్ధం చెప్పానా?" అన్నారాయన, తిరుమల వెళ్ళాక.

"మరి పిల్ల గుండె మీదున్నదేంటండీ?"

"అది వైద్యమేంటి? తమలపాకు."

ఆయన దాచలేదు, బుకాయించలేదు. అది వైద్యం కాదనే నిజంగా అనుకున్నారు. నేను పొద్దున్నే తులసాకు నలిపి తేనెలో కలపడం, శొంఠీ మిరియాలూ దంచి కాచడం, పిల్లకి ముక్కు బిగిస్తే వాము మూట కట్టి వాసన చూపించడం, ఇవన్నీ ఆయన కళ్ళముందే జరుగుతాయి. ఫ్యాను తిరుగుతున్నట్టు, ఎవరి కంటా పడకుండా జరుగుతాయి. ఇక మా అత్తగారు సీతారావమ్మగారైతే, నేను చెప్పులేసుకున్నప్పుడల్లా ఒకటే మాట: "సొంత పిల్ల దగ్గుతుంటే ఊళ్ళో పిల్లల దగ్గు రాసుకోడానికి బయల్దేరింది." ఆ మాటకి ఎన్నిసార్లు ఏడ్చానో. ఆ రోజు మాత్రం కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఒళ్ళంతా ఉత్సాహం పొంగింది. ఇన్నేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి నేను పట్టుకెళ్ళిన జవాబులన్నీ కుర్చీలో కూర్చున్నవాళ్ళవి. వంటింటిది ఒక్కటీ లేదు. ఇది పట్టుకున్నదాన్ని నేనే అనుకుంటే అన్నం కూడా సహించలేదు.

మర్నాడు మా ప్రాజెక్టు పెద్ద జీవరత్నం గారి ముందు నిలబడ్డాను. "సార్, మొదటి ప్రశ్న మారుద్దాం. రాత్రిపూట పిల్ల దగ్గితే లేచేదెవరో అడుగుదాం. ఎవరి పేరు చెప్తే, మిగతావన్నీ వాళ్ళనే అడుగుదాం."

ఆయన కళ్ళజోడు తీసి నవ్వారు. "ఇది మా ఇంట్లో అడిగితే నా పరువు పోద్దమ్మా సాయిశ్రీ. చూడు, గురువారం ప్రశ్నలు ఖరారైపోతాయి. తర్వాత అక్షరం కదల్దు. ఈలోపు ఒక ఊళ్ళో అడిగి చూపించు. తేడా కనపడకపోతే పాత ప్రశ్నలే."

అంటే ఈలోపు చూపించలేకపోతే మళ్ళీ అన్నిటికీ 'లేదు'. జిల్లాలో ఏ తల్లీ ఏమీ చేయలేదని లెక్క తేలుతుంది. తిరుమలని వెంటేసుకుని బందరు బస్సెక్కాను.

బందరు దాటాక సముద్రం వైపు ఊరది, చేపలు పట్టేవాళ్ళది. ఎల్లారావు అనే పెద్దాయన అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. ముందు పాత ప్రశ్నే అడిగాం. "అయ్యేం లేవండీ. మనవడికి ఆయాసం. ఆసుపత్రి మందులే," అన్నాడు. తర్వాత నా ప్రశ్న అడిగాను. ఆయన వింతగా చూసి, లోపలికి కేకేశాడు. "మల్లేశ్వరీ, ఇటు రామ్మా. నిన్నే అడగాలంట."

కోడలు నాగమల్లేశ్వరి చేపలు తోముతున్న చేతులతోనే వచ్చింది. "మందులేం లేవండీ," అంది తనూ.

"మందుల సంగతొద్దులేమ్మా. బాబుకి రాత్రి ఆయాసమొస్తే నువ్వేం చేస్తావో అది చెప్పు."

ఇంక చూడాలి. కర్పూరం వేసి కాచిన కొబ్బరినూనె వీపుకి రాస్తుందట. కరక్కాయ అరగదీసి బాబు నాలిక మీద రాస్తుందట. పక్కూరి ఆయన ఇచ్చే పసరు అమావాస్యకి పోస్తుందట. ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తుందట. తిరుమల వేళ్ళు ట్యాబ్ మీద పరుగెడుతున్నాయి.

"అయినా తగ్గకపోతే తలుపులేసి సాంబ్రాణి పొగేస్తానండీ," అంది.

"ఆయాసమప్పుడు పొగ పడదమ్మా. డాక్టరుగారికి చెప్పావా?"

"ఆయన మా మావయ్యనడిగారండీ. ఏం లేవన్నాడు. నన్నెవరూ అడగలేదు."

ఎల్లారావు చేతిలో వల కదలడం ఆగింది. "ఈసారి డాక్టరుగారికి నువ్వే చెప్పమ్మా. నేను బైట కూర్చుంటాను," అన్నాడు. తిరుగు బస్సులో నేనూ తిరుమలా ఒకరి మాట ఒకరం విననంతగా మాట్లాడుకున్నాం. ఆ ఊళ్ళో మేం తిరిగిన ఇళ్ళల్లో పాత ప్రశ్నకి దాదాపు అందరూ లేదన్నవాళ్ళే. కొత్త ప్రశ్నకి ఏమీ చేయని ఇల్లు ఒక్కటి దొరకలేదు. జీవరత్నం గారు ఆ లెక్క రెండుసార్లు చూసుకుని, "పెట్టేయమ్మా," అన్నారు.

ఖరారైన కొత్త ప్రశ్నని, ఊళ్ళకి వెళ్ళేముందు, పాతవి అడిగిన మా ఇంట్లోనే అడిగి అలవాటు చేసుకోవాలి. ఆదివారం తిరుమల వచ్చింది. ఆయన అదే కుర్చీలో కూర్చున్నారు. చిన్ని దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు. నేను వెచ్చటి ఆకుతో గుమ్మంలో నిలబడ్డాను.

"రాత్రిపూట పాప దగ్గితే లేచేదెవరండీ?"

ఆయన నావైపు చూసి, కాస్త సర్దుకుని, "నేనూ లేస్తానండీ," అన్నారు.

"లేచి ఏం చేస్తారు సార్?"

"తనని లేపుతాను."

అనేశాక ఆయనకే వినపడినట్టుంది. సోఫాలో మా అత్తగారు పేపరు దించారు. తిరుమల తలెత్తలేదు. నేను వెళ్ళి తమలపాకు ఆయన అరచేతిలో పెట్టాను.

"చల్లారిపోతుంది. వెళ్ళి పిల్ల గుండె మీద వేయండి," అని, ఆయన లేచిన కుర్చీలో కూర్చున్నాను. "ఇప్పుడు నన్నడుగు తిరుమలా."