మగది మోసే గుడ్డు

రొయ్యలు ఒలవడం మధ్యలో ఆపి పాత శుభలేఖ వెనక బొమ్మ గీస్తున్నానని మా అత్త దేముడమ్మ సణిగింది. "లేని జంతువుకి కాళ్లేత్తే కూర ఉడుకుతాదేటే?"

ఉడకదు. కానీ ఆ కూరలోకి రొయ్యలు వస్తున్నది ఆ లేని జంతువు వల్లే.

చోడవరంలో మా ఆయన గౌరీశంకర్‌ది లైటింగు సెట్టింగుల కొట్టు. జాతరలకు ఇనుప చువ్వలతో బొమ్మ కట్టి, బల్బులు చుట్టి నిలబెడతాం. నెమలి, ఏనుగు ప్రతి కొట్టులోనూ ఉంటాయి. అందరి దగ్గరా ఉన్నదానికి బేరం పలకదని నాకు తొలి ఏడే అర్థమైంది. అందుకే ఎవరి దగ్గరా లేనివి గీశాను. ఊరికే కొమ్ములూ రెక్కలూ అతికిస్తే జంతువైపోదు. అది ఏం తింటుంది, ఎలా పడుకుంటుంది, దేనికి భయపడుతుంది, ఇవన్నీ తేల్చుకున్నాకే మొదటి గీత. పోయినేడు వడ్డాది జాతరలో నిలబెట్టిన చెరకుమేపరి అలాగే పుట్టింది. పళ్లు గానుగ రోలర్లు, మెడంతా కణుపులు, తోక చెరకాకులా చెయ్యి కోసే అంచు. ఆడవాళ్లు దానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. "ఏ అమ్మోరి వాహనం బాబూ?" అని ఎవరో అడిగితే, "నా బుర్రలోంచి వచ్చింది" అన్నాడు మా ఆయన. నేను పక్కనే ఉన్నాను. చువ్వలు వంచిన దాసుకి కూడా శాలువా కప్పారు. నాకు మిగిలింది ఇంటికొచ్చి పనివాళ్లందరికీ వండడం. బొమ్మ కింద నా పేరు వెయ్యమంటే, "జంతువు కింద ఆడదాని పేరేటే? నవ్వుతారు" అన్నాడు. తన పేరు వేసుకున్నప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఇవాళ ఆ జాతర కమిటీ పెద్ద శివాజీ వచ్చాడు. చెరకుమేపరికి జత కావాలట, పిల్లతో సహా. నేను టీ పట్టుకెళ్లేసరికి మా ఆయన "రేపటికి గీసెత్తాను" అంటున్నాడు.

"పిల్లని కంటాదా, గుడ్డెడతాదా? జనం నన్నడుగుతారు బాబూ" అన్నాడు శివాజీ.

"కంటాది. ఆడదాని పక్కన పిల్లనెట్టేత్తే సరి."

ఒక్క మాటతో నా జంతువుకి కూడా నా బతుకే రాసేశాడు.

"గుడ్డే" అన్నాను. "మగది మోస్తాది, దవడ సంచిలో. పొదిగినన్నాళ్లూ తిండి మానేత్తాది."

మా ఆయన నవ్వాడు. "ఎక్కడైనా ఉందేటే అలాగ?"

"ఎక్కడా లేదు కాబట్టే ఈయన ఇంత దూరం వచ్చేరు."

శివాజీ నవ్వలేదు. "అయితే గీసింది..."

ట్రే మా ఆయన చేతిలో పెట్టి కుర్చీ లాక్కున్నాను. "నేను, రూపాదేవిని. జత గీస్తాను, కింద నా పేరుంటేనే."

శివాజీ అలవాటుగా మా ఆయన వైపు చూశాడు.

"అటు సూడకండి అన్నయ్యగారూ. ఆయన కాదన్నా, ఆయనకి గీయడం రాదు."