డెబ్బై నాలుగు కిలోలు

ఉమారాణిని నోయిడాలోని తమ సొసైటీ జిమ్‌లో చేర్చింది భర్త ఫణికుమారే. "నీ పక్కన నడవాలంటే సిగ్గేస్తోందే" అన్నాడు.

జిమ్‌లో కసరత్తులు నేర్పే ఇంద్రాణి మొదటిరోజే చెప్పింది. "దీదీ, వజన్ మత్ దేఖో." బరువు చూడొద్దు, కొవ్వు కరిగినంత కండ పెరిగితే కాటా కదలదు, నడుముకి టేపు పెట్టి చూసుకోమంది. ఉమారాణి అలాగే చేసింది. వేపుళ్లు మానేసి గుడ్లు, పనీరు తింది. ఇనుప కడ్డీకి బరువులు తగిలించి నేల మీంచి ఎత్తడం నేర్చుకుంది. ఏడు నెలలకి నడుము నాలుగంగుళాలు తగ్గింది. జాకెట్లు కింద వదులై చేతుల దగ్గర పట్టేశాయి. కాటా మీద అంకె మాత్రం మారలేదు.

ఫణికుమార్‌కి కావలసింది ఆ అంకె ఒక్కటే.

ఒక ఆదివారం అతని పై ఆఫీసరు జనార్దనరావు దంపతుల్ని, ఇంకో నలుగురిని భోజనానికి పిలిచారు. తినడం అయ్యాక ఫణికుమార్ కాటా తెచ్చి హాలు మధ్యలో పెట్టాడు.

"ఎక్కు."

"ఇప్పుడెందుకండీ?"

"ఎక్కవే. ఏడు నెలల్లో నువ్వేం సాధించావో సార్ చూడాలిగా."

ఎక్కింది. అతనే వంగి గట్టిగా చదివాడు. "డెబ్బై నాలుగు! చేరిన రోజూ ఇంతే సార్. గేదెకి కసరత్తు చేయిస్తున్నాను."

అందరూ నవ్వారు. "మమ్మీ, సచ్ మే?" నిజంగానా అంటూ కూతురు హరిత కూడా నవ్వింది.

ఆ నవ్వు విన్నాక ఉమారాణి కాటా మీదనుంచే వంగింది. భర్త మోకాళ్ల వెనక ఒక చెయ్యి, వీపు వెనక ఒక చెయ్యి వేసి అమాంతం ఎత్తేసింది. జిమ్‌లో ఎనభై కిలోలు ఎత్తుతున్న మనిషికి అతనొక బరువు కాదు.

"నూట ముప్పై ఆరు" అని తల పక్కకి వంచి కాటా మీది అంకె చదివింది. "అందులో నా డెబ్బై నాలుగూ తీసెయ్యండి సార్, మిగిలింది మీ ఫణికుమార్."

మళ్లీ నవ్వారు. ఆమె దించకపోయేసరికి ఆపేశారు.

"దించవే." కాళ్లు కొట్టుకున్నాడు. కళ్లజోడు జారి పడింది. "ఉమా, ప్లీజ్. సార్ ఉన్నారు."

"పాపా కో ఛోడ్ దో మమ్మీ!" నాన్నని వదిలెయ్యమంటూ హరిత ఏడుస్తోంది.

ఉమారాణి నిదానంగా ఊపిరి వదులుతూ నిలబడింది. అతనికి ఏడుపొచ్చి, ఆ ఏడుపు అందరికీ కనిపించాకే దించింది. జనార్దనరావు దంపతులు స్వీటు ముట్టకుండా లేచి వెళ్లిపోయారు.

అప్పట్నుంచి ఆమె వెనకనుంచి వస్తే చాలు, ఫణికుమార్ భుజాలు ముడుచుకుపోతాయి. మొదటిసారి గమనించినప్పుడు ఆమెకి జాలేసింది. రెండోసారి చప్పుడు చెయ్యకుండా వెళ్లి, కాఫీ కప్పు అతని చెవి పక్కన టక్కున పెట్టింది.