తెరకు ఆవలి కదలిక

ఆషాఢమాసపు తొలిజల్లులచే తడిసిన గుడివాడ పట్టణమున నాటి ప్రభాతము ధూసరమేఘావృతమై చీకటికిని వెలుగునకును నడుమ నిలిచినట్లుండెను. ఆసుపత్రి శస్త్రచికిత్సాగారమున మాత్రము నీడ యెరుగని దీపచక్రము నిర్మలతేజముతో నొక యుదరమును వెలిగించుచుండెను.

వైద్యవిద్యలో చేరగోరు విద్యార్థులకు శస్త్రచికిత్సను పరిచయము చేయు శిక్షణమునకు వచ్చిన ప్రవల్లిక యను బాలిక అంతవరకు పరిశోధనశాలలో సూక్ష్మదర్శిని క్రింద మృతకణములను మాత్రమే చూచియుండెను. సజీవశరీరాంతర్భాగమును కన్నులార చూచు నవకాశము నేడొక్కనాడే. అయినను ఆమె తెర కీవలనే నిలువవలసివచ్చెను. వెన్నున నిచ్చిన మత్తుమందుచే రొమ్ముక్రింది భాగమెల్ల మొద్దుబారి మెలకువతోనే యున్న యిడ్లీల యంగడి నాంచారమ్మ, బొడ్డువద్ద ప్రేగు వెలికుబికిన హెర్నియాకు కోత మొదలైనదాదిగా భయముచే నా పిల్ల చేయి విడువదయ్యెను. ముఖమునకును ఉదరమునకును నడుమ ఆకుపచ్చని తెర. ప్రవల్లిక మునిగాళ్లపై లేచినను వైద్యురాలి టోపీయే కానవచ్చుచుండెను.

“మెడ అట్టా సాగదీస్తే కొంగవైపోతావే పిల్లా. ఏం చేస్తున్నారవతల?”

“నాకు కనబడట్లేదండీ.”

“డాక్టరువి కాబోతూ అదేం మాట?”

“మీరు చెయ్యి వదిలితే కదా పిన్నిగారూ!”

అనినంతనే బాలిక నాలుక కరచుకొనెను. నాంచారమ్మ వ్రేళ్లు సడలించెను.

“పో. చూసొచ్చి నాకు చెప్పు. పొట్ట నాది, చూసేది మీరంతానా?”

వైద్యురాలు ఉమామహేశ్వరి తలయెత్తకయే పలికెను. “చేతులు వెనక్కి కట్టుకుని చూడు. దేన్నీ తాకకు.”

గులాబివన్నెతో తళతళలాడుచు, ఎవ్వరి యాజ్ఞకును లోబడక, తనంత తాను మెల్లగా ముడుచుకొని విచ్చుకొనుచున్న యొక ప్రేగుమడతను కాంచి, తెర కావలికి చేరిన ప్రవల్లిక తన్ను తాను మరచెను. వైద్యురాలి వ్రేళ్లు దానిని లోనికి సర్దుటకు సిద్ధమగుచుండెను. ఆ ఘట్టమునకే కదా ఆమె యిన్నినాళ్లు కాచుకొనియుండుట!

“పిల్లా! ఉన్నావా?”

తెరవెనుకనుండి నాంచారమ్మ పిలుచుచుండెను. బాలిక మరియొక్కసారి చూచి, వెనుదిరిగి, ఆ చల్లని చేతిని పట్టుకొనెను.

“పేగు కనపడిందండీ. కదులుతోంది.”

“నేను కదపకుండానే?”

“దానంతటదే.”

“నిన్నటినుంచీ మెతుకు లేదు దానికి. అయినా పని మానలేదూ, పిచ్చిది!” అని నాంచారమ్మ నవ్వెను.

“నవ్వకమ్మా, పేగు బయటికి జారుద్ది,” అనెను వైద్యురాలు.

“రంగెట్టా ఉందే?”

ప్రవల్లిక మాట వెదకి, “గులాబీరంగండీ, తళతళలాడుతోంది,” అనెను. పరుల దేహమున చూచినది వారికి చెప్పగలిగిననాడే తనకు తెలిసినట్లని ఆమెకప్పుడు తోచెను. తెర కావల ప్రేగు స్వస్థానమున కరుగుచుండెను. ఈవల నా యిరువురును, ఒకరి చేయి నొకరు పట్టుకొని, ఆ ఆకుపచ్చని వస్త్రమువంక అద్దమును చూచినట్లు చూచుచుండిరి.