ఆదివారం కళ్లజోడు

నేను ఒక కళ్లజోడును. గోదావరి పెద్ద వరదకు లంకలన్నీ మునిగిన ఏడాది, నీళ్లు తీశాక, నరసాపురంలో ఒక చిన్న కొట్టులో తయారయ్యాను. కొట్టాయన గాజు బిళ్లల అంచులు అరగదీసి, గోధుమరంగు చట్రంలో బిగించి, ఎనిమిదేళ్ల సువార్త ముక్కు మీద పెట్టాడు.

ఆ పిల్ల వీధిలోకి చూసింది. "నాన్నా, ఆ మేడమీద ఆవిడ మనల్ని చూసి నవ్వుతుంది!" అంది.

వాళ్ల నాన్న సంసోను సముద్రం మీద వేటకు పోయే మనిషి. మాట తక్కువ. మొహం అటు తిప్పుకున్నాడు.

అంతకుముందే డాక్టరు అన్నీ చెప్పాడు. పిల్లకి దూరపు చూపు తక్కువ. లేచింది మొదలు పడుకునేదాకా జోడు ఉండాలి. ఎదిగే పిల్ల, నంబరు మారుతుంది, ఏటేటా తెచ్చి చూపించాలి. లేసు అల్లేటప్పుడు మధ్యమధ్య తలెత్తి దూరం చూడాలి. రోజూ వెలుతురులో బయట ఆడుకోవాలి. కంట్లో మెరుపులు కనబడితే ఆ రోజే ఆసుపత్రికి తేవాలి. సంసోను అన్నిటికీ తల ఊపాడు. ఇంటికొచ్చి తన తల్లి దీనమ్మతో ఒక్క ముక్క అన్నాడు.

"జోడు పెట్టుకోమన్నారమ్మా."

మర్నాడు వేటకు వెళ్లిపోయాడు.

తల్లి లేని పిల్ల. దీనమ్మే పెంచింది. నన్ను అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది. "రోజూ పెడితే అరిగిపోవూ? కళ్లకి కూడా అలవాటైపోద్ది. ఆదివారం గుడికి పెట్టుకుందువుగాని" అంది. రుమాల్లో చుట్టి, ఆదివారం చీరతోపాటు ట్రంకుపెట్టెలో పెట్టింది. ప్రేమ కొద్దీ దాచింది. మనుషులు ఇష్టమైనవాటిని వాడరు, దాస్తారు.

అలా ఆదివారం ఒక్కపూట లోకం తేటగా ఉండేది. పాస్టరుగారి మీసం కనబడేది. సోమవారం బడిలో నల్లబల్ల కనబడేది కాదు.

వీధిలో బంతాట ఆడితే పిల్లలు వెక్కిరించేవారు. "ఒసే సువార్తా, బంతి నీ పక్కనుంచే పోయిందే!"

"కనబడకుండా ఏస్తే ఎలా పట్టుకుంటానే?"

నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. కొన్నాళ్లకు ఆట మానేసి పొద్దస్తమానం అరుగు మీద లేసు పట్టుకునే కూర్చుంది. నూలు ముక్కుకి ఆనించి అల్లేది. ముడి తప్పేది కాదు. వచ్చినవాళ్లు, "దించిన తల ఎత్తదు, ఎంత బుద్ధిమంతురాలో" అనేవారు. దీనమ్మ పొంగిపోయేది.

పిల్ల ఎదిగింది. నా బిళ్లలు ఎదగలేదు. "మామ్మా, జోడు మసకబారింది" అంటే దీనమ్మ నన్ను ఊది, కొంగుతో తుడిచి ఇచ్చేది. ఎంత తుడిచినా ఏం లాభం? మసక నాలో లేదు.

పదిహేనో ఏట ఒకనాడు, "మామ్మా, ఎడంకంట్లో మెరుపులు మెరుస్తున్నాయే. ఒక పక్కనుంచి నల్లగా దిగుతుంది" అంది.

"నీరసమే తల్లీ. తిని పడుకో." తలకి ఆముదం పెట్టింది.

సంసోను వేటనుంచి వచ్చేసరికి ఆ కన్ను పూర్తిగా చీకటైపోయింది. పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. నేనూ అతని జేబులో వెళ్లాను.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "నంబరు బాగా పెరిగిపోయి, కంటి వెనక పొర ఊడిపోయింది. మెరుపులు కనబడ్డ రోజే తేవలసింది. ఈ కంటికి ఇక చూపు రాదు. రెండోదాన్నన్నా కాపాడుకోండి. చిన్నప్పుడు మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారండి" అన్నాడు సంసోను.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాక దీనమ్మ నేలమీద కూలబడింది. "నాకెందుకు చెప్పలేదురా? రోజూ పెట్టాలని ఒక్క మాట చెబితే నేను దాద్దునా?"

"ఏడవకే మామ్మా" అంది సువార్త. "ఇంకో కన్నుంది కదా. ఇలా దగ్గరికి రా, కనబడతావు."

మర్నాడు పొద్దున్న పడవవాళ్లు పిలిస్తే సంసోను వెళ్లలేదు. ఇక సువార్తకి సరిపడని నన్ను జేబులో వేసుకుని పక్కింటి అరుగు దగ్గరికి నడిచాడు. అక్కడ పదేళ్ల పిల్ల, ముక్కు నూలుకి ఆనించి లేసు అల్లుతోంది.

"అమ్మాయీ, తలెత్తు. ఆ వీధి చివర వచ్చేదెవరు?"

పిల్ల కళ్లు చికిలించింది. తల్లి లోపల్నుంచి నవ్వింది. "దాని చూపుకేం అన్నయ్యా! ఇంత సన్న నూలైనా ముడి తప్పదు."

సంసోను నన్ను తీసి అరుగు మీద పెట్టాడు. పక్కన కూర్చున్నాడు. ఆనాడు డాక్టరు చెప్పిందంతా మొదట్నుంచి చెప్పాడు. ఒక్క ముక్క వదల్లేదు. నడుమ మంచినీళ్లు అడిగి తాగి, మిగతాది చెప్పాడు. తరువాత నన్ను తీసుకుని లేచి, అదే చెప్పడానికి ఆ అవతలింటికి వెళ్లాడు.