కూత మాత్రం ఉంచండి

ఆ ఇంటి కారుకి బ్రేకులు అరిగిపోయాయన్న సంగతి వీధి వీధంతటికీ తెలుసు. మలుపు దగ్గర అది పెట్టే కీచు కూతకి పక్కింటి కుక్క కూడా విసుక్కుని లోపలికి పోయేది. కోడలికి మాత్రం ఆ కూత వీనుల విందు. ఎందుకంటారా? ఆ కూత వినపడ్డాకే ఆవిడ మొగుడు ఇంట్లో అడుగుపెడతాడు. మలుపు దగ్గర్నుంచి గుమ్మం దాకా వచ్చేలోగా పాట ఆగిపోవాలి, సోఫా యథాస్థానానికి చేరాలి, అత్తగారు కాళ్ల మీద దుప్పటి కప్పుకుని నీరసంగా కూర్చోవాలి.

అసలు సంగతేమిటంటే, అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. డాక్టరేమో బాగా కదలమన్నాడు. కొడుకేమో కదిలితే ఊరుకోనన్నాడు. ఇంట్లో అందరూ అతన్ని చాటుగా ఇన్‌స్పెక్టరు గారని పిలుచుకునేది ఊరికే కాదు మరి! ఏ గదిలో ఫ్యాను ఊరికే తిరుగుతోంది, ఎవరు ఎందుకు నవ్వారు, అన్నీ కావాలి మహానుభావుడికి. పాపం ఆ తల్లి సోఫాకి అతుక్కుపోయి తిండి తగ్గించింది, ఆనక మాటా తగ్గించింది. ఓ రోజు మనవరాలు ఫోన్లో పాట పెట్టి గంతులేస్తుంటే ఆవిడ పాదం కదిలింది. అంతే, ఆనాటి నుంచి రోజూ సాయంత్రం హాల్లో డాన్సే డాన్సు. ఆవిడ మళ్లీ మనిషైంది. ఆ కాసేపూ పోతే అత్తగారు మళ్లీ సోఫాకే అంకితమైపోతుందని కోడలి బెంగ.

అందుకే మొగుడు "బ్రేకులు చూపించాలోయ్" అనగానే అతనికంటే ముందు ఆవిడే మెకానిక్కుకి ఫోన్ కొట్టింది.

"బాబాయ్ గారూ, బ్రేక్ ప్యాడ్లు మార్చడానికి ఎంతవుతుందని మావారు అడుగుతారు. రెట్టింపు చెప్పండి."

"ఎక్కువ చెప్పమంటే నాకేం బాధమ్మా!" అన్నాడు మెకానిక్కు. చెప్పనే చెప్పాడు.

"బ్రేకులకి చెప్పాడా, కారు కొనుక్కుంటానన్నాడా వాడు?" అని ఆ పూట భోజనాల బల్ల దగ్గర ఇన్‌స్పెక్టరు గారు వీరంగం వేశాడు. "ఏమీ తొందర లేదు. వచ్చే నెల చూద్దాం." అత్తాకోడళ్లు కంచాల్లోకి తలలు దించేసి నవ్వు ఆపుకున్నారు.

అంతా బాగానే ఉంది గానీ, ఓ ఆదివారం కోడలే కారు తీసింది. వెనక సీట్లో పిల్ల. సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే కూత బదులు గరగరమని ఇనుమూ ఇనుమూ రాసుకున్న చప్పుడు! ముందున్న స్కూటరుని ఇంచుమించు ముద్దెట్టుకుని ఆగింది బండి. నా తెలివి తెల్లారినట్టే ఉంది, ఇంటిల్లిపాదీ ఎక్కేది ఈ బండే కదా అని కోడలు తనని తనే తిట్టుకుని, తిన్నగా షెడ్డుకే పోనిచ్చింది.

మెకానిక్కు చక్రం విప్పి చూసి తల పట్టుకున్నాడు. "ప్యాడ్లు ఎప్పుడో అయిపోయాయమ్మా. వెనకున్న రేకు డిస్కుల్ని కూడా తినేసింది. అవీ మార్చాలి. ఆ రోజు మీరు చెప్పమన్న దొంగ రేటు ఉంది చూశారూ, ఇప్పుడు నిజంగానే అంతయింది."

"మార్చేయండి బాబాయ్ గారూ. కానీ... కూత మాత్రం ఉంచండి."

మెకానిక్కు నోరు వెళ్లబెట్టాడు. "కూత పోగొట్టమని వస్తారు గానీ ఉంచమని వచ్చిన మనిషిని ఇదే చూడ్డం. నా చేతి మీద బాగైన బండి వీధిలో కీచుకీచుమంటూ పోతే నా పరువేంగాను తల్లీ?" ఎంత బతిమాలినా ససేమిరా అన్నాడు.

ఆ పూటకి కారు షెడ్డులోనే ఉండిపోయింది. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ తనే తెచ్చుకుంటానన్నాడు ఇన్‌స్పెక్టరు గారు. ఇక కూత వినపడదు గనక కిటికీ దగ్గర పిల్లని కాపలా పెట్టారు. పాట మొదలయ్యేసరికి కాపలా కాస్తా నాయనమ్మ పక్కకొచ్చి గంతులేసింది.

"బావుందే వరస!"

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు గారు. కోడలు గబుక్కున పాట ఆపింది. అత్తగారి చేతులు గాల్లో అలాగే ఉండిపోయాయి.

"కూత ఉంచమన్నావట. మెకానిక్కు నవ్వలేక చచ్చాడు. ఎందుకా అని చప్పుడు చెయ్యకుండా వచ్చా," అన్నాడతను పెళ్లాంతో. గదమాయిస్తాడనుకుంటే గొంతు బొత్తిగా దిగిపోయింది. "నేనంటే అంత భయమా మీకు?"

దొరికిపోయాక ఇంకేం దాస్తుంది? "భయమైతే ఎలాగోలా చెప్పేవాళ్లం. విసుగండీ," అంది కోడలు.

అతని మొహం చిన్నబోయింది. అయ్యో, అనకుండా ఉండాల్సింది అనుకుంది గానీ, అన్నందుకు ప్రాణం హాయిగానూ ఉంది. అతను తల్లి వంక చూశాడు. ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి, జుట్టు రేగిపోయింది.

"నొప్పిగా లేదా అమ్మా?"

"కూర్చుంటేనే నొప్పిరా."

అతను బ్యాగు కింద పెట్టి నేల మీదే చతికిలబడ్డాడు. "ఏదీ, ఇంకోసారి చెయ్యి. చూస్తాను."

"నువ్వు చూస్తుంటే నాకు రాదురా," అంది తల్లి, మొహమాటం లేకుండా.

అతను లేచి, వెళ్లి, గోడవైపు మొహం పెట్టి నిలబడ్డాడు. కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"ఇప్పుడో?" అని అడిగాడు గోడకేసి చూస్తూనే.

అత్తగారు కొంగు బిగించింది.

"కళ్లు కూడా మూసుకో," అంది.