దేవమ్మ ఇప్పిన జానెడు బట్ట

దగ్గరికి జరిగి కూర్చో బిడ్డా, చెవి ఇటు పెట్టు. గద్వాలలో మగ్గమున్న ఒక ఇంటి మాట ఇది. రెండువేల ఏడో, ఎనిమిదో. ఆ ఏడు వానలు వెనకబడ్డాయని మాత్రం గుర్తుంది.

దేవమ్మ కూతురు సౌందర్య హైదరాబాదు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పుస్తకాలు తిరగేసే పరిశోధన కాదు, చేత్తో చేస్తూ రాసేది. గద్వాల చీరకు నూలు ఒళ్లు, పట్టు అంచు. నేసేటప్పుడే ఆ రెండు పోగులనూ ఒకదానికొకటి తగిలిస్తారు. ఆ పనితనం చేతికి వచ్చేముందు చెయ్యి ఎట్లా తప్పుతుందో, ఆ పిల్ల నేస్తూ రాస్తోంది. నెలనెలా వచ్చే ఫెలోషిప్పు ఇంకో రెండేళ్లు సాగాలా, ఆగాలా తేల్చడానికి యూనివర్సిటీ నుంచి భాస్కర్ సారు సోమవారం ఇంటికే వస్తానన్నాడు. నేతను పరిశోధన అనడానికి తనకు మనసొప్పడం లేదని ముందే కాగితం రాశాడు. అది విన్ననాటి నుంచి దేవమ్మకు అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున సౌందర్య కెమెరా అడిగి తేవడానికి మల్దకల్‌లోని స్నేహితురాలి ఇంటికి పోయింది. దేవమ్మ మగ్గం మీది బట్ట చూసింది. చివరి జానెడు కూతురు నేసింది. అంచు వెంట సందులు, అక్కడక్కడ ఉబ్బిన పోగులు. మగ్గమున్న ఇంట్లో తప్పు నేత పరాయివాళ్ల కంటపడడమంటే, వాకిలి ఊడ్వకుండా చుట్టాన్ని పిలిచినట్టే. ఆమె మగ్గం కింది గుంటలోకి కాళ్లు దించి కూర్చుంది. పొద్దు వాలేదాకా ఒక్కో పోగూ వెనక్కి లాగి, పట్టు పాడుకాకుండా దారం చుట్టే కండెకు చుట్టింది.

సౌందర్య వచ్చి మగ్గం ముందు నిలబడిపోయింది.

"అమ్మా, నేను నేసింది ఏది?"

"ఇప్పిన బిడ్డా. సారు ముంగట నీ పరువు పోవద్దని. రేపు పొద్దుగాల నేనే మంచిగ నేసి పెడ్త."

"ఆ తప్పులే నా చదువు. వాటి ఫోటోలకే ఈ కెమెరా."

"తప్పులకు చదువేందే? నాకేం ఎరుక?"

కూతురు కెమెరాను సంచిలోంచి తీయకుండానే గూట్లో పెట్టేసింది. తిట్టినా దేవమ్మకు నయంగా ఉండేది.

సోమవారం సారు వచ్చాడు. చాయ్ ముట్టలేదు. సౌందర్య నోటుబుక్కు తిరగేసి, మగ్గం కేసి చూశాడు.

"ఇందులో రాసిన తప్పులు బట్టలో ఏవమ్మా?"

సౌందర్య తల వంచుకుంది గానీ తల్లి పేరెత్తలేదు. తలుపు చాటు నుంచి దేవమ్మ అంతా విన్నది. ఇక ఆగలేక కండె తెచ్చి సారు ముందు పెట్టింది.

"నేనే ఇప్పిన సారూ. పిల్లది తప్పు లేదు."

ఒకసారి నేసిన పట్టు ఇప్పినా దాని వంకరలు దానికే ఉంటాయి. మొదట నేసింది చివర ఇప్పింది గనుక కండె మీద పైనే ఉంది. దేవమ్మ కొస పట్టుకుని లాగింది.

"ఇగో, ఈడ రెండుమాట్లు ఒక్క కాలి చెక్కనే తొక్కింది, పోగు జంటవడ్డది. ఈ మలుపు లోతు లేదు, నూలును తగలనే లేదు, పిల్ల బెదిరింది. ఈడికెల్లి చెయ్యి బిగవట్టింది. ఈడ జర నిమ్మలమైంది."

సౌందర్య తలెత్తింది.

"బిగవట్టింది నేను రాయలే అమ్మా. నాకే తెల్వదు."

"నేసేటోళ్లకు ఏడ తెలుస్తది? ఇప్పేటోళ్లకు తెలుస్తది."

సారు కలం తీశాడు. "మళ్లీ మొదటి నుంచి చెప్పండమ్మా" అన్నాడు. పోయేటప్పుడు మాత్రం అవునూ అనలేదు, కాదూ అనలేదు.

ఇరవై రెండు రోజులు పోస్టుమాన్ సైకిలు గంట మోగినప్పుడల్లా దేవమ్మ గడప దాకా ఉరికింది. ఆఖరికి కాగితం వచ్చింది. రెండేళ్లు కాదు, ఒక్క ఏడాది ఇచ్చారు. దానికీ షరతు పెట్టారు: ఇప్పేటప్పుడు తెలిసేదీ రాయాలి, చెప్పినామె పేరు పెట్టాలి.

"ఏడాది అయినంక?" అంది దేవమ్మ.

"అప్పటికి ఇంకో జానెడు నేస్త. ఈసారి నేను ఫోటో తీసినంకనే ఇప్పు."

ఇంతే బిడ్డా. మనసులో పెట్టుకో, నీ వెనకవాళ్లకు చెప్పు. చెప్పేటప్పుడు దేవమ్మ చేసిన తప్పును మాత్రం సరిదిద్దకు, ఉన్నదున్నట్టే చెప్పు.