రొట్టె తట్టే చప్పుడు

"రొట్టె తడతా తడతానే చదువు లతా, రెండు నిమిషాల పని."

మా ఆయన హర్షవర్ధన్ పొద్దున్నే వంటింటి గడపలో నిలబడి ఈ మాట అంటాడు. ఒక చేత్తో ఫోను నా నోటి దగ్గర పెడతాడు, రెండో చేత్తో తను రాసుకొచ్చిన కాగితం నా కళ్ల ముందు పట్టుకుంటాడు. నా రెండు చేతులూ జొన్నపిండిలో ఉంటాయి. పెనం మీద ఒకటి కాలుతుంటుంది, పీట మీద ఒకటి సాగుతుంటుంది, నా నోరేమో పత్తి ధరలూ జాతర కబుర్లూ చదువుతుంటుంది. ఆయనకో యూట్యూబ్ వార్తల ఛానెల్ ఉంది. కోడుమూరు చుట్టుపక్కల అందరూ ఆయన్ని రిపోర్టరప్పా అని పిలుస్తారు. ఆయన గొంతు కీచుగా ఉంటుంది, పెద్ద వాక్యం వస్తే మధ్యలో ఊపిరి చాలదు. అందుకని వార్తలు చదివేది నేను, తప్పులు దిద్దేదీ నేనే. ఛానెల్లో మాత్రం ఎక్కడా నా పేరు ఉండదు. ఒకసారి అడిగితే, "ఇంట్లో పనికి పేరు వేసుకుంటారా ఎవురన్నా?" అని నవ్వాడు. మా అత్త నాగలక్ష్మమ్మ అందుకుని, "బడికి పోయి కుర్చీలో కూచోనొచ్చేదానికి జీతమిస్తాండారు. మొగునికి రెండు మాటలు చదివేదానికి గూడా ఏమన్నా కావల్లనా నీకు?" అంది. ఆ మాటల్లో పడి రొట్టె మాడింది. అది కూడా నా లెక్కలోకే వచ్చింది.

ఒక్కసారి మాత్రం మెచ్చుకున్నాడు. "నీ గొంతు ఉంటే జనం నమ్ముతారు లతా" అన్నాడు. ఆ ఒక్క మాట దాచుకుని చాలా ఏళ్లు రొట్టెలు తట్టాను. ఆ మాటను ఆయన కూడా దాచుకున్నాడని నాకు అప్పుడు తెలియదు.

నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. పిల్లలు పాఠంలో అడిగిన ప్రశ్నకు కూడా వాట్సప్‌లో వచ్చిన ముక్కే జవాబుగా చెబుతుంటే, శనివారం ఆఖరి పీరియడ్‌ను ఫోన్ పీరియడ్ చేశాను. స్టాఫ్ రూములో ఒక సారు, "ఇంట్లో ఫోన్లు చాలక బడిలో గూడానా మేడమ్, సిలబస్ అయిపోయినట్టుండాదే" అన్నాడు. అననీ అనుకున్నాను. నేను నేర్పేది పెద్ద విద్యేమీ కాదు. వీడియో రాగానే పక్కవాళ్లకు పంపొద్దు. ఎవరు చెబుతున్నారు, ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అని అడగండి. ఒకసారి శబ్దం ఆపేసి చూడండి, ఇంకోసారి కళ్లు మూసుకుని వినండి. కన్ను మోసపోయిన చోట చెవి పట్టుకుంటుంది, చెవి మోసపోయిన చోట కన్ను పట్టుకుంటుంది. పిల్లలకు ఇది ఆటలా ఉండేది. నా క్లాసులో పిల్లలు దేన్నీ ఊరికే నమ్మడం మానేస్తున్నారని నాకు లోలోపల చెప్పలేనంత గర్వంగా ఉండేది.

జూన్‌లో తొలకరి పడింది. మా వైపు వాన పడితే విత్తనాలతో పాటు వజ్రాలు కూడా గుర్తొస్తాయి. జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో రాళ్లు వెతకడానికి జనం సద్దిమూటలతో పోతారు. ఆ శనివారం తొమ్మిదో తరగతి మహిమ మోకాళ్ల దాకా ఎర్రమట్టితో ఫోన్ పీరియడ్‌కు ఆలస్యంగా వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మా చేన్లో వజ్రం దొరికిందని వీడియో వచ్చింది టీచర్. నిన్నట్నుంచి ఒకటే జనం. వేరుశనగ బుడ్డలు ఇత్తినాము, ఇప్పుడిప్పుడే మొలకలొస్తాండాయి. మాయమ్మ అడ్డం పడినా ఎవురూ ఆగల్యా. ఇంకో దినం తొక్కినారంటే చేను మిగలదు. మళ్ళా ఇత్తనాలు యాడ తెచ్చేది?"

ఆ వీడియోను గోడ మీది టీవీలో పెట్టాను. పేరు చూశాను. మా ఆయన ఛానెల్. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె వంగి ఏదో ఏరుకుంటోంది. కింద "చర్చి వెనక ఎర్రచేను" అని అక్షరాలు. "కోడుమూరు పొలాల్లో మహిళా కూలీకి దొరికిన వజ్రం" అని నా గొంతు చెబుతోంది. ఈ వార్త నేను చదవలేదు. పోయినేడు జొన్నగిరి వార్త చదివాను, అది నిజంగా జరిగింది. పిల్లలు అప్పుడే వాళ్ల పని మొదలుపెట్టేశారు.

శబ్దం ఆపి చూశారు. ఆమె వెనక దూరంగా గాలిమర తిరుగుతోంది. "మా చేన్లో నిలబడితే చర్చి శిలువే కనపడతాది, గాలిమర యాడా లేదు" అంది మహిమ. తర్వాత అందరూ కళ్లు మూసుకున్నారు. శివాని చెయ్యెత్తింది.

"టీచర్, కోడుమూరు అన్నప్పుడు ఎనకాల ఏదో తపతపమంటాంది."

మళ్లీ పెట్టాను. క్లాసంతా పగలబడి నవ్వింది. "రొట్టె తడతాండారు టీచర్! వజ్రాల చేన్లో రొట్టెలేంది?" ఆ ఒక్క మాట దగ్గరే చప్పుడు. ముందు లేదు, తర్వాత లేదు. "ఆ మాట యాన్నుంచో తెచ్చి అతికించినారు" అంది శివాని. నాకు అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వారం ఆయన ఒక కాగితం పట్టుకొచ్చి, "ఊర్ల పేర్లు ఊరికే చదివిపెట్టు, టైటిళ్లకు పనికొస్తాది" అన్నాడు. కోడుమూరు, గూడూరు, పత్తికొండ. తడుతూ తడుతూనే చదివాను. పోయినేటి జొన్నగిరి వార్త మాత్రం ఒక రాత్రి వంట అయ్యాక కూర్చుని చదివాను; అందులో ఊరి పేరు తీసేసి ఇది అతికించాడు.

నవ్వు ఆగిపోయాక మహిమ మెల్లగా అంది. "టీచర్, ఆ గొంతు మీది."

కాదనవచ్చు. అలాగే ఉంది అంతే అనవచ్చు. ఇంటి పరువు, మొగుడి పరువు, సాయంత్రం అత్త ముఖం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. కానీ పిల్లలు నేను నేర్పిన చూపుతోనే నన్ను చూస్తున్నారు. "నాదే. ఈ మాట మాత్రం నేను చెప్పలేదు" అన్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. కోపం వచ్చింది. నా చేతులు తీసుకున్నాడు, పొద్దులు తీసుకున్నాడు, సరే అనుకున్నాను. నా గొంతు పెట్టి ఒక తల్లి చేను తొక్కించాడు. అంత శుభ్రమైన కోపం నాకు అంతకు ముందెన్నడూ రాలేదు.

వరండాలోకి వచ్చి ఆయనకు ఫోన్ చేశాను. తీసేయమన్నాను.

"శానా మంది చూస్తాండారు, ఇప్పుడు తీస్తారా ఎవురన్నా?" అన్నాడు. "చర్చి కాడోళ్లు మనల్ని ఏమంటారులే. రెండు దినాలు ఎతికి వాళ్లే పోతారు. నువ్వు నోరు మూసుకోనుండు."

నోరు మూసుకోవాలట. పొద్దున్నే ఫోను తెచ్చి పెట్టేది ఈ నోటికే కదా!

హెడ్మాస్టరుకు చెప్పి ప్రార్థన మైకు తీసుకున్నాను. పిల్లలు నాతో బయలుదేరారు. చేను నిండా వంగిన వీపులే. గొడుగులు, టిఫిన్ క్యారియర్లు, చెంపల మీద మట్టి. గట్టు మీద మహిమ వాళ్ల అమ్మ రాహేలమ్మ కూలబడి ఉంది. "అరిచరిచి గొంతు పాయ టీచరమ్మా, ఎవురూ ఇనల్యా" అంది. ఆ మాటలు కూడా సరిగ్గా బయటికి రాలేదు.

మైకు ఆన్ చేశాను. పోవద్దు, తొక్కొద్దు అని అరవలేదు. రోజూ చదివే రాగంలోనే, "కోడుమూరు పొలాల్లో మహిళా కూలీకి దొరికిన వజ్రం" అన్నాను. వీపులు ఒక్కొక్కటే లేచాయి. హంపమ్మ అనే పెద్దామె చేతిలో రాయి పట్టుకుని నోరు తెరిచింది. "ఫోన్లో యమ్మ ఈ యమ్మే!"

జరిగింది చెప్పాను. ఒకాయనకు కోపమొచ్చింది. "నువ్వే చెప్పి నువ్వే కాదంటాండావు, ఏది నమ్మల్ల మేము?"

"నన్ను నమ్మొద్దన్నా. మీ చెవుల్నే నమ్మండి. శివానీ, ఫోను మైకు దగ్గర పెట్టు."

మైకులో తపతప మోగింది. ముందు ఆడవాళ్లే నవ్వారు. వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. హంపమ్మ, "ఇది పిండి బాగా నానిన రొట్టె" అని తీర్పు చెప్పింది. పిల్లలు వీడియో చూపించి, ఈ గాలిమర ఎక్కడుందో చూపించండని ఒక్కొక్కరినీ అడిగారు. జనం నాలుగు దిక్కులా తిరిగి చూశారు. చర్చి శిలువ తప్ప ఏమీ లేదు. హంపమ్మ చేతిలో రాయి జారవిడిచి, మొలకల మీద కాలు పడకుండా చీర ఎత్తుకుని గట్టెక్కింది. ఆమె వెనకే మిగతావాళ్లు వరసకట్టారు.

సరిగ్గా అప్పుడే మా ఆయన జనాన్ని షూట్ చేయడానికి కెమెరాతో వచ్చాడు. "ఏం చేస్తాండావు నువ్వీడ? ఇంటికి పదా" అన్నాడు. నేను జవాబిచ్చే లోపే గట్టు మీది గుంపు అందుకుంది. "ఏమప్పా రిపోర్టరూ, రొట్టెలు యాడ తట్టించినావప్పా?" ఆ నవ్వు చర్చి దాకా వినిపించి ఉంటుంది. ఆయన కెమెరా దించేశాడు. వీడియో సాయంత్రానికి తీసేశాడు.

చేను సగం పోయింది, సగం దక్కింది. పోయిన సాళ్లలో రాహేలమ్మ కందులు విత్తింది. ఇంట్లో వారం పాటు ఎవరూ నాతో మాట్లాడలేదు. నాకు అంత హాయిగా ఎప్పుడూ లేదు.

మళ్లీ శనివారం పొద్దున ఆయన గడపలో నిలబడ్డాడు, చేతిలో కాగితం, ఫోను. ఏమీ జరగనట్టే, "కానియ్యి, చదువు" అన్నాడు. పెనం వేడెక్కింది. చేన్లో కొత్త మొలకల మధ్య నిలబడి అబద్ధపు వీడియోను ఎలా పట్టుకున్నారో చెబుతూ ఇంకో వీడియో తీయడానికి మహిమ, శివాని నాకోసం చూస్తుంటారు. ఈ కొత్త వీడియోలో మొదటి మాట నాదేనట, నా పేరుతో సహా. చేతులు కడుక్కుని, పిండి గిన్నె తీసి ఆయన ముందు పెట్టాను. అత్త మంచం మీంచి లేచి కూర్చుంది.

"నాకు రికార్డింగ్ ఉండాది. తడతా తడతానే మీరే చదువుకోండి, రెండు నిమిషాల పని."